బిపి పుస్తకంలో మూడో గడి

ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. రెండు వందల పేజీల మామూలు నోట్‌బుక్. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన మూడు గళ్లు: టైము, బిపి, కారణం.

డాక్టరు గారు రాయమన్నది మొదటి రెండే. మూడోది నా సొంత తెలివి. నాది లెక్కలు రాసే ఉద్యోగం. అంకె పెరిగితే ఎందుకు పెరిగిందో పక్కన రాసుకోకపోతే నాకు ఊపిరాడదు. అందుకని "ఉదయం 7:00, 138/88, రాత్రి నిద్ర లేదు", "సాయంత్రం 6:30, 144/92, మెట్లెక్కి వచ్చాను", "రాత్రి 9:00, 146/94, అమ్మతో ఫోన్‌లో వాదన" అంటూ పదహారు రోజులు రాశాను. ఇప్పుడు తిరగేస్తే నేరం చేసినవాళ్ల చేత వాంగ్మూలం రాయించినట్టు ఉంటుంది.

నాకది తొలి కాన్పు. మూడో నెలలో బిపి 112/70. ఐదో నెలలో ఇంకాస్త తక్కువే. 28వ వారం చెకప్‌లో సిస్టర్ చేతికి పట్టీ చుట్టి చూసింది, ఏమీ అనకుండా మళ్లీ చూసింది. 142/90. "టెన్షన్ ఏమైనా పడుతున్నారా మేడమ్?" అంది. అలా అడిగితే లేదనగలిగేవాళ్లు ఎవరుంటారు? వెతికితే దొరకని టెన్షన్ ఉంటుందా? పడుతున్నానేమో అన్నాను. నాలుగు గంటలు అక్కడే కూర్చోబెట్టి మళ్లీ చూశారు, 140/92. ఇరవై వారాలు దాటాక నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 గానీ అంతకు మించి గానీ వస్తే ఇక దాన్ని తేలిగ్గా వదలరట. యూరిన్‌లో ప్రోటీన్ లేదు. బిపి తగ్గించే లాబెటలాల్ మాత్రలు రాసి, ఇంట్లో రోజుకు మూడుసార్లు బిపి చూసుకోమని పంపారు.

బిపి చూసుకోవడం కూడా ఒక పనే అని అప్పుడు తెలిసింది. ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా మీద ఆనించాలి. మాట్లాడకూడదు. పట్టీ చేతికి బిగుతుగా, చిన్నదిగా ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ పాటించి చూసినా 140 కిందికి దిగని రోజులు ఎక్కువయ్యాయి.

ఇక సలహాలు. టెన్షన్ పడకు అని అమ్మ. టెన్షన్ పడకమ్మా అని అత్తగారు. టెన్షన్ పడకండి అని ఆఫీసులో నా కంటే పెద్దవాళ్లు, చిన్నవాళ్లు, పెళ్లి కానివాళ్లు. ఉప్పు మానెయ్ అన్నారు, మానేశాను. కోపం తగ్గించుకో అన్నారు, ఆ మాటకే కోపం వచ్చేది. అంకె పెరిగిన ప్రతిసారీ మూడో గడిలో ఇంకో తప్పు చేరేది.

30వ వారంలో ఒక ఉదయం అద్దంలో నా ముఖం నాకే కొత్తగా కనిపించింది. కళ్ల కింద ఉబ్బు. ఉంగరం రావడం లేదు. కాళ్లకు నీరు పట్టడం కడుపుతో ఉన్నవాళ్లలో చాలామందికి ఉండేదే, కానీ ముఖానికి, చేతులకు ఒక్కసారిగా రావడం వేరు. బరువు చూసుకుంటే వారంలో రెండు కిలోలకు దగ్గరగా పెరిగాను. ఆ రోజే వెళ్లాం. బిపి 154/100. యూరిన్‌లో ముంచిన పట్టీ రంగు మారి ప్రోటీన్ టూ ప్లస్ చూపించింది. స్కానింగ్‌లో బిడ్డ పొట్ట చుట్టుకొలత ఆ వారాలకు ఉండాల్సినంత లేదు. బొడ్డుతాడులో రక్తం వెళ్లే తీరు కూడా వాళ్లకు నచ్చలేదు. "ప్రీఎక్లాంప్సియా. అడ్మిట్ అవ్వాలి" అన్నారు. గర్భంలో బిపి పెరిగి, కిడ్నీల్లాంటివి కూడా దెబ్బతినే జబ్బట. బట్టలు తెచ్చుకుంటానన్నాను. తెప్పించుకోండి అన్నారు.

ఆ సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారికి నా పుస్తకం చూపించాను. నెలలు నిండని పిల్లల కాన్పులు ఎక్కువగా చూసే మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పేజీలు తిప్పుతూ మూడో గడి దగ్గర ఆగింది. రెండు మూడు పేజీలు మొత్తం చదివింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి "కారణం" అన్న మాట మీద ఒక గీత కొట్టింది.

"అమ్మతో గొడవ పడితే బిపి పెరుగుతుందమ్మా, పెరగదని కాదు. కాసేపటికి దిగిపోతుంది. మీది దిగడం లేదు. ఇది మీ మనసులోంచి రావట్లేదు, మాయలోంచి వస్తోంది."

పాఠ్యపుస్తకాల్లో జరాయువు అని చదువుకున్నదే, ఇళ్లలో మాయ అనీ మావి అనీ అంటాం. బిడ్డ పుట్టాక పడిపోయేది, తీసి పారేసేది అన్నంతవరకే నాకు తెలుసు. దానికి బిపితో ఏం పని?

డాక్టరు గారు నా స్కానింగ్ కవరు వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. గర్భసంచి గోడలో స్ప్రింగులా మెలికలు తిరిగి ఉండే సన్నటి రక్తనాళాలుంటాయి. మామూలుగా అవి సన్నగానే ఉంటాయి, చుట్టూ కండ పొర ఉంటుంది, అవసరాన్ని బట్టి బిగుసుకుంటాయి, వదులవుతాయి. గర్భం వచ్చాక మాయలోని కొన్ని కణాలు ఆ గోడలోకి చొచ్చుకుపోయి, ఈ నాళాల చుట్టూ ఉన్న కండను కరిగించి, మూతిని గరాటులా వెడల్పు చేస్తాయి. ఆ తర్వాత ఆ నాళం తల్లి శరీరం బిగించమన్నా బిగుసుకోదు. తల్లి రక్తం అందులోంచి వేగం లేకుండా, ధారాళంగా వచ్చి మాయను తడుపుతుంది. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్లాలి. దానికి తగ్గ దారి ముందే వేసి పెట్టడం ఈ కణాల పని.

"మీకు ఆ పని సగంలో ఆగింది. నాళాలు సన్నగానే ఉండిపోయాయి."

తక్కువ రక్తం వస్తుంది కాబోలు అనుకున్నాను. అదొక్కటే కాదట. మొక్కలకు నీళ్లు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ఏమవుతుందో అడిగారు. నీళ్లు ఎగజిమ్ముతాయి. మాయలోనూ అంతే. మెల్లగా నిండాల్సిన రక్తం జోరుగా తగిలి, లోపలున్న మెత్తటి కొమ్మల్లాంటి భాగాలు దెబ్బతింటాయి. ఒకసారి వస్తూ, ఒకసారి ఆగుతూ ఉండే ఆ సరఫరాతో మాయ నలిగిపోతుంది.

"ఇదంతా ఎప్పుడు జరిగింది?" అని అడిగాను.

"మీ కడుపు బయటికి కనిపించకముందు మొదలై, 20వ వారం లోపే."

నా బిపి 112/70 ఉన్న రోజులవి. హాయిగా తిరిగిన రోజులు. ఆ వారాలకు నా పుస్తకంలో పేజీలే లేవు.

అన్నట్టు, ఐదో నెల స్కానింగ్ రిపోర్టు ఫైల్లోనే ఉంది. రాత్రి తీసి చదివాను. రెండో పేజీ అడుగున ఒక లైను: గర్భసంచికి వెళ్లే ధమనుల్లో రెండువైపులా నాచ్ ఉంది. నాచ్ అంటే రక్తం పారే తీరు చూపే డాప్లర్ గ్రాఫులో కనిపించే చిన్న నొక్కు. అప్పటికీ అది పోకపోతే లోపల నాళాలు సరిగా తెరుచుకోలేదేమో అని అనుమానించాలి. ఆ స్కానింగ్ తీసినచోట నాకు చెప్పింది "బేబీ నార్మల్" అన్న రెండు మాటలే. నాచ్ ఉన్న అందరికీ ఈ జబ్బు రాదు, నిజమే. కానీ ఆ లైను ఎవరైనా చదివి చెప్పి ఉంటే 28వ వారం దాకా ఆగకుండా బిపి ముందునుంచే చూసుకునేదాన్ని. ఆ కోపం మాత్రం నాకింకా పోలేదు.

మర్నాడు ఇంకో ప్రశ్నతో సిద్ధంగా ఉన్నాను. మాయ దెబ్బతింటే బిడ్డకు అందేది తగ్గాలి. నా కిడ్నీలకు, నా కళ్లకు, నా తలకు ఏం సంబంధం?

ఇక్కడ ఆవిడ చెప్పింది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది లెక్కల్లా ఉంది. మన రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే రక్తంలో కొన్ని ప్రోటీన్లు తిరుగుతూ ఉండాలి. వాటిలో ఒకటి పిఎల్‌జిఎఫ్, మాయలో బాగా తయారవుతుంది. నలిగిన మాయ దీన్ని తక్కువగా వదిలి, ఎస్-ఫ్లిట్-1 అనే ఇంకో ప్రోటీన్‌ను లెక్కకు మించి వదులుతుంది. ఈ రెండోది రక్తంలో తిరుగుతూ మొదటిదాన్ని, దాని తోటివాటినీ పట్టేసుకుంటుంది. జీతం ఇంటికి చేరకముందే దారిలో ఎవరో లాక్కుపోయినట్టు. ఆ పొరకు అందాల్సింది అందదు. నాళాలు బిగుసుకుంటాయి, అది బిపి. కిడ్నీ జల్లెడకూ అదే పొర ఉంటుంది, అది కారితే యూరిన్‌లో ప్రోటీన్. నాళాల్లోంచి నీరు బయటికి ఊరితే వాపు. కాలేయంలో, మెదడులో జరిగేదీ ఇలాంటిదే. ఒళ్లంతా ఉన్న పొర కాబట్టి ఒళ్లంతా జబ్బు. బిపి మీటర్‌కి దొరికింది అందులో ఒక ముక్క మాత్రమే.

దీన్ని పట్టుకున్నది కాన్పుల డాక్టర్లు కాదట, ఒక కిడ్నీ డాక్టరు. బోస్టన్‌లో అనంత్ కరుమంచి, ఆయన సహచరులు. జబ్బు వచ్చినవాళ్ల మాయలో ఏ జన్యువు ఎక్కువ పనిచేస్తోందో వెతికితే ఇది దొరికింది. దాన్ని ఎలుకల్లో పెంచి చూస్తే వాటికీ బిపి పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పడింది, కిడ్నీలో ఈ జబ్బుకు ప్రత్యేకమైన మార్పే కనిపించింది. 2003లో ఆ పరిశోధన వచ్చింది. క్యాన్సర్‌కి ఇచ్చే కొన్ని మందులు కూడా ఇదే దారిని అడ్డుకుంటాయి, ఆ మందులు వాడేవాళ్లకీ బిపి పెరగడం, యూరిన్‌లో ప్రోటీన్ పడటం డాక్టర్లకు తెలిసిన విషయమే. వాళ్లలో మగవాళ్లూ ఉంటారు. గర్భంతో పనిలేకుండా అదే జబ్బు నీడ. ఆ మాట విన్నప్పుడు అమ్మతో ఫోన్‌లో వాదన చాలా చిన్నదిగా కనిపించింది నాకు.

ఆ రెండు ప్రోటీన్ల నిష్పత్తి చూసే రక్తపరీక్ష నాకూ చేశారు. 38 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే వచ్చే వారం రోజుల్లో ఈ జబ్బు బయటపడే అవకాశం చాలా తక్కువని ధైర్యం చెప్పొచ్చట. నాది 212. ధైర్యం చెప్పే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

"అయితే బిడ్డ వల్ల వచ్చిందా?" అని అడిగాను. ఎవరో ఒకరి మీద పెట్టందే నా బుద్ధి ఊరుకోదు. బిడ్డకూ సంబంధం లేదన్నారు. ముత్యాల గర్భం అని ఒకటి ఉంటుంది. అందులో చాలాసార్లు బిడ్డే ఉండదు, మాయ మాత్రం నీటిబుడగల గుత్తిలా పెరుగుతుంది. అలాంటివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది, అదీ మామూలుకంటే ముందే. బిడ్డ లేకపోయినా వస్తుంది, మాయ లేకుండా రాదు.

మాయ తయారయ్యేది బిడ్డ తరఫు కణాలతోనే కాబట్టి అందులో సగం జన్యువులు తండ్రివి. ఈ విషయం మా ఆయనకు చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి, "అంటే సగం తప్పు నాదా?" అన్నాడు. మూడో గడిలో నీ పేరు రాయనా అన్నాను. ఆ వార్డులో మేం నవ్వుకున్నది ఆ ఒక్కసారే.

అందరిదీ ఒకే కథ అనుకోకూడదు. నా పక్క మంచం ఆవిడకు కవలలు. 36వ వారం దాకా ఏమీ లేదు, తర్వాత బిపి లేచింది, పిల్లలిద్దరూ బరువు బాగానే ఉన్నారు. అలా ఆలస్యంగా వచ్చేదాంట్లో నాళాలు మొదట్లో బాగానే తెరుచుకుని ఉండొచ్చు, చివరికొచ్చేసరికి మాయకు కావాల్సింది తల్లి గుండె, నాళాలు ఇవ్వగలిగినదాన్ని దాటిపోతుంది. కవలలు, షుగర్, అధిక బరువు, ముందునుంచే ఉన్న బిపి, కిడ్నీ జబ్బు ఇలాంటివి ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. నాలాంటి తొలి కాన్పు కూడా ఆ జాబితాలో ఉంది. టెన్షన్ పడే మనిషి అన్నది మాత్రం డాక్టరు గారు చెప్పిన ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఉప్పు మానేయడం దీన్ని ఆపదని కూడా అప్పుడే తెలిసింది. రెండు వారాల చప్పిడి తిండి వృథా.

అసలు దెబ్బ అమ్మ దగ్గర తగిలింది. అడ్మిట్ అయిన మూడో రోజు నా ముఖం వంక చూస్తూ, "నువ్వు పుట్టినప్పుడు నాకూ ఇలాగే ఉబ్బిందే" అంది. ఎనిమిదో నెలలోనే నొప్పులు తెప్పించి కాన్పు చేశారట. గుర్రపువాతం వచ్చేలా ఉందని భయపెట్టారట. గుర్రపువాతం అంటే ఫిట్స్ రావడం, డాక్టర్ల భాషలో ఎక్లాంప్సియా. ముప్పై ఏళ్లలో ఆ సంగతి నాకొక్కసారి కూడా చెప్పలేదు. నా మొదటి చెకప్‌లో "ఇంట్లో ఎవరికైనా బిపి ఉందా?" అని అడిగితే లేదని రాయించాను. తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ ఇది వచ్చి ఉంటే ముప్పు పెరుగుతుంది. తొలి కాన్పు, దానికి తోడు అమ్మ చరిత్ర, ఈ రెండూ తెలిసి ఉంటే 12వ వారం నుంచే చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చేవాళ్లమని డాక్టరు గారు అన్నారు. మాయ పాతుకునే రోజుల్లో, 16 వారాల లోపే మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుంది. 2017లో వచ్చిన ఆస్ప్రే అనే పెద్ద పరీక్షలో, ముప్పు ఎక్కువున్న తల్లులకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే రకం 62 శాతం తగ్గింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఏం చెప్పను? నేను ఆ రోజుల్లో ఊరికే ఏదో ఒకటి ఆలోచించి భయపడేదాన్ని. అందుకే వచ్చిందన్నారు. నా భయం సంగతి నీకెందుకు చెప్పడం అనుకున్నాను."

నేను పదహారు రోజులు రాసిన గడిని అమ్మ ముప్పై ఏళ్లు రాస్తూ వచ్చిందన్నమాట, కాగితం లేకుండా.

కాన్పుకు ముందు ఆసుపత్రిలో పదిహేడు రోజులు ఉన్నాను. ఆ రోజులన్నీ ఒక బేరం. బిపి మాత్రలు నా మెదడులో రక్తనాళం చిట్లకుండా కాపాడతాయి, మాయను బాగుచేయలేవు. మాయను బాగుచేసే మందు లేదు. అది ఒంట్లోంచి బయటికి వస్తేనే జబ్బు తిరుగుముఖం పడుతుంది, అంటే కాన్పు ఒక్కటే మందు. కానీ బిడ్డకు అదే మాయ అన్నం పెడుతోంది, అరకొరగానైనా. ఎన్ని రోజులు ఆగితే బిడ్డ ఊపిరితిత్తులకు అంత మేలు, నాకు అంత ప్రమాదం. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు, 24 గంటల తేడాతో చేశారు. రోజు విడిచి రోజు రక్తం తీసి ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసేవాళ్లు. అన్నీ సవ్యంగా ఉంటే 37 వారాల దాకా, పరిస్థితి ముదిరినా మిగతావి అదుపులో ఉంటే 34 దాకా ఆగే వీలుంటుందని చెప్పారు. నేను 34 మీద ఆశ పెట్టుకున్నాను.

32 వారాల 4 రోజుల రాత్రి తలనొప్పి మొదలైంది. నుదుటి చుట్టూ తాడు కట్టి ఎవరో మెలి తిప్పుతున్నట్టు. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. ట్యూబ్‌లైట్ చుట్టూ చిన్న చిన్న మెరుపులు. కుడి డొక్క కింద, పక్కటెముకల దగ్గర నొప్పి. గ్యాస్ అనుకుని ఇంట్లో అయితే పడుకునేదాన్నే. సిస్టర్‌ని పిలిచాను. 172/114. తెల్లవారుజాము రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు రెండు లక్షల నుంచి 94 వేలకు పడిపోయాయి, లివర్ అంకెలు పెరిగాయి. ఇక ఆగడం లేదన్నారు.

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఒంట్లో వేడినీళ్లు పారినట్టు ఉంటుంది. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. దాని మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది కాబట్టి గంటగంటకూ సిస్టర్ వచ్చి ఊపిరి లెక్కపెట్టేది, యూరిన్ ఎంత వచ్చిందో కొలిచేది, చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టేది. కాలు ఎగిరితే "గుడ్" అనేది. 2002లో పది వేల మంది తల్లులతో చేసిన మాగ్‌పై పరీక్షలో ఈ మందు ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గించింది. ఇదంతా తర్వాత చదువుకున్నాను. ఆ పూట నా లోకమంతా నా మోకాలే. ఎగిరిందా లేదా అని చూసుకోవడమే.

ఆపరేషన్ చేశారు. పాప 1,290 గ్రాములు. పిల్లి కూనలా ఏడ్చింది. నాకు రెండు క్షణాలు చూపించి తీసుకెళ్లిపోయారు. తెర అవతల ఎవరో "మాయ వచ్చేసింది" అన్నారు. నా నాలుక మడత పడుతున్నా, చూపించమని అడిగాను. మత్తు డాక్టరు వింతగా చూశారు. మా డాక్టరు గారు మాత్రం ట్రే పట్టుకొచ్చారు.

కాలేయం రంగులో మెత్తగా, వెడల్పుగా పళ్లెంలా ఉంటుందని ఊహించుకున్నాను. నాది అరచేతికి కాస్త పెద్దది. అంచులు ముడుచుకున్నట్టున్నాయి. తిప్పి చూపించినప్పుడు ముదురు ఎరుపు మధ్య అక్కడక్కడా లేత పసుపు మచ్చలు. గ్లోవ్స్ వేళ్లతో ఒక మచ్చను నొక్కి, "ఇక్కడ గట్టిగా ఉంది చూడండి, ఈ భాగం చనిపోయింది" అన్నారు. మిగిలినదానితోనే పాప ఇన్ని రోజులు నెట్టుకొచ్చింది. బొడ్డుతాడు సన్నగా, పెన్సిల్ అంత కూడా లేదు. దాన్ని చూస్తే కోపం రావాలి. రాలేదు. రేషన్ సరిగా అందని చోట ఎలాగోలా వండి పెట్టిన మనిషిని చూసినట్టు అనిపించింది.

మాయ బయటికొస్తే అంతా అయిపోతుందని నేననుకున్నాను, మా ఇంట్లోనూ అదే అనుకున్నారు. అవ్వదు. మెగ్నీషియం ఇంకో 24 గంటలు ఎక్కించారు. రెండో రోజు 138/86 చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాలుగో రోజు 168/104. కాన్పయ్యాక మూడు నుంచి ఆరు రోజుల మధ్య బిపి మళ్లీ లేవడం మామూలేనట, ఒంట్లో చేరిన నీరంతా రక్తంలోకి తిరిగి రావడం అందుకు ఒక కారణం. చాలామంది ఇంటికి వెళ్లిపోయే రోజులు అవే. బిడ్డ ఒళ్లోకి వచ్చాక తల్లికి తలనొప్పి అంటే నిద్ర చాలక అనుకుంటారు. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావొచ్చు. నాకు మందు మోతాదు పెంచి ఇంకో ఐదు రోజులు ఉంచుకున్నారు. మాత్రలు కాన్పయ్యాక పదకొండో వారంలో ఆగాయి.

పాప ముప్పై నాలుగు రోజులు ఎన్‌ఐసియులో, అంటే పసిపిల్లల ఐసియులో ఉంది. దాని గురించి రాస్తే ఇది వేరే కథవుతుంది.

మాయను పరీక్షకు పంపిన రిపోర్టు మూడు వారాలకు వచ్చింది. బరువు 215 గ్రాములు, ఆ వారాలకు ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. రక్తం అందక చనిపోయిన భాగాలు పలుచోట్ల ఉన్నాయి. గర్భసంచి వైపు నాళాల్లో కండ పొర అలాగే ఉంది, కొన్నింటి గోడల్లో కొవ్వు పేరుకుంది. చివర్లో తేల్చిన మాట: తల్లి వైపు నుంచి మాయకు రక్తప్రసరణ లోపం. "తల్లి వైపు" అన్న మాట చూసి మనసు చివుక్కుమంది. నాళాలు ఎవరి వైపువో చెప్తోంది అది, తప్పు ఎవరిదో కాదు అని నాకు నేనే రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

డిశ్చార్జ్ కాగితంలో ఒక వాక్యం ఉంది: ఏటా బిపి, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఈ జబ్బు వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో బిపి నిలిచిపోవడం ఎక్కువ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెండింతలు. మాయ పోయినా దాని గుర్తు నాళాల్లో ఉండిపోతుందో, లేక ముందునుంచే నాళాల్లో ఉన్న బలహీనత గర్భంలో బయటపడుతుందో, రెండు వాదనలూ ఉన్నాయి. చూపించుకోవడం మాత్రం తప్పదు. ఏటా వెళ్తున్నాను. ఏ డాక్టరూ "గర్భంలో బిపి వచ్చిందా?" అని తనంతట తాను అడగలేదు. నేనే చెప్తున్నాను.

కిందటి నెల అమ్మ వచ్చినప్పుడు ఆ రిపోర్టు తీసి అర్థమయ్యేలా చదివి వినిపించాను. అంతా విని, "అంటే నేను ఆలోచించడం వల్ల కాదా?" అంది. కాదన్నాను. పాప వైపు చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకూ ఒకసారి చూడు ఆ మిషన్‌తో" అని చెయ్యి చాపింది. అమ్మ తన జీవితంలో బిపి చూపించుకుంది నేను పుట్టినప్పుడేనట.

158/96.

"ఇందాకే మెట్లెక్కాను కదే, అందుకే" అంది.

పాత పుస్తకంలో కొత్త పేజీ తీసి టైము రాశాను, అంకె రాశాను. పాదాలు నేల మీద పెట్టి, వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమని చెప్పి, మళ్లీ పట్టీ చుట్టాను.